ముల్లు ఎత్తిన ఆదివారం

పెలాదికి నలభై ఆరేళ్ళు. అందులో పాతికేళ్ళు ఆమె జాజ్‌ను వంటింటి గుమ్మం దగ్గర నిలబడే విన్నది.

మామెలోడి పేటలో ప్రతినెలా మూడో ఆదివారం జాజ్ సంఘం కూర్చుంటుంది. ఇరవై ఒక్కమంది మగవాళ్ళు టోపీలు సర్దుకుని, బూట్లు తళతళలాడేట్టు తుడుచుకుని, చంకలో రికార్డులు ఇరికించుకుని ఒకరింటికి చేరతారు. ఎవరింటి వంతైతే వాళ్ళ స్పీకర్లే ఆ రోజు మోగుతాయి. ఒక్కొక్కరికి మూడు రికార్డులు పెట్టించుకునే హక్కు. మనసుకు పట్టిన రికార్డు పడిందంటే లేచి గది మధ్యకు వచ్చి, ఒక్కడే, నిదానంగా అడుగులేస్తాడు. ఆ అడుగులు చూడడానికి వీధి వీధంతా గేటు దగ్గర మూగుతుంది. మరి ఆడవాళ్ళు? బోటీ కూర వండుతారు, మొక్కజొన్న సంకటి కెలుకుతారు, పళ్ళేలు అందిస్తారు. పాట వాళ్ళకీ వినిపిస్తుంది, కాదనడానికి లేదు. గిన్నె మూతల చప్పుడు మధ్య, తలుపు సందులోంచి.

అలా విని వినే పెలాది చెవి పదునెక్కింది. మొదటి జీతం చేతికొచ్చిన నెల నుంచి ఒక్కొక్కటే కొంటూ మూడువందల రికార్డులు పోగేసింది. ఆమె పని టాక్సీ స్టాండు వెనక రేకుల షెడ్డులో. టాక్సీ సీట్ల కింద పెట్టి అడుగు మోత పలికించే బేస్ పెట్టెలకు చెక్క కోయడం, అతికించడం, పైన రెక్సిన్ చుట్టడం, తీగలు బిగించడం. మామెలోడిలో ఏ టాక్సీ అయినా కిటికీలు అదురుతూ పోతోందంటే అందులో పెట్టె ఆమె చేతిదే అయివుండాలి. పని తెలిసినవాళ్ళు ఆ చేతికి దణ్ణం పెడతారు. జాజ్ సంఘం పెద్దలు మాత్రం టాక్సీ పెట్టె మాట వింటే చెవులు మూసుకుంటారు.

జూన్ నెల ఆదివారం, పళ్ళేలు అందిస్తూ అందిస్తూ పెలాది అధ్యక్షుడి ముందు ఆగింది. ఆయన పేరు మలేకా. కోర్టులో ముప్పై ఏళ్ళు దుబాసీగా చేసి రిటైరైన బక్కపల్చని మనిషి. సంఘం రూల్సు పుస్తకం ఎప్పుడూ ఆయన కోటు లోపలి జేబులోనే ఉంటుంది, ఎదుటివాడి తప్పు దొరికినప్పుడల్లా బయటికొస్తుంది.

"బాబాయ్, నాకూ ఒక కుర్చీ కావాలి" అంది పెలాది.

"వంటింట్లో కుర్చీల్లేవా అమ్మాయ్?"

"కూర్చోడానికి కాదు. సంఘంలో. మీ అందరిలాగా నా రికార్డులు మూడు పెట్టించుకోడానికి."

గదిలో ఎవడో కిసుక్కుమన్నాడు. మలేకా భార్య సెవేలా వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఆడవాళ్ళకి కుర్చీ ఉండదమ్మా."

"పుస్తకంలో ఉందా ఆ ముక్క? తీసి చూడండి."

ఆయన తీశాడు. మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పాడు, చివరి నుంచి మొదటిదాకా తిప్పాడు. ఆ ముక్క లేదు. ఎందుకుంటుంది? ఏ ఆడదైనా అలా అడుగుతుందని ఆ పుస్తకం రాసినవాళ్ళకు కలలో కూడా తోచి ఉండదు. కోర్టు మనిషి కదా, లేని రూలు ఉందని అబద్ధం చెప్పలేకపోయాడు. ఆ మేరకు ఆయన్ని మెచ్చుకోవాలి.

"సరే. రూలు అందరికీ ఎట్లానో నీకూ అట్లానే. వచ్చే నెల ఆదివారం నీ ఇంట్లో పెట్టు. నీ స్పీకర్లు, నీ రికార్డు. రికార్డు మీద ముల్లు పడ్డ దగ్గర్నుంచి ఆ వైపు పూర్తయ్యేదాకా ఎవరూ నోరు తెరవరు, ముల్లు ఎత్తేది లేదు. మోత నచ్చినవాడు లేచి నిలబడతాడు. అయిపోయేలోగా పదకొండుమంది లేస్తే కుర్చీ నీది. లేవకపోతే మళ్ళీ జన్మలో అడగకూడదు."

"ఒప్పుకున్నా."

"ఇంకో మాట. నీ టాక్సీ పెట్టె మాత్రం తేకు. అదేంటది, సబ్‌వూఫర్. జాజ్‌కి రెండు స్పీకర్లు చాలు. ఢమఢమలు మాకొద్దు."

"అది పుస్తకంలో ఉందా బాబాయ్?"

మలేకా పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. "లేదు."

"అయితే తెస్తా."

నిజానికి ఆ స్పీకర్లు అప్పటికే సగం తయారయ్యాయి. ఏడాది నుంచి షెడ్డులో పని అయ్యాక గంటా రెండు గంటలు ఉండి, మందపు ప్లైవుడ్ కోసి, లోపల ఉన్ని పరిచి, నడుమెత్తు పెట్టెలు రెండు కట్టింది. వాటితో పాటు మోకాలెత్తు సబ్ ఒకటి. దానికి ఎర్ర రెక్సిన్ చుట్టింది, కావాలనే. గదిలో అడుగుపెట్టినవాడు ముందు దాన్నే చూడాలి. కూర్చోడానికి ఇరవై ఒక్క కుర్చీలు కూడా తనే సిద్ధం చేసింది. పాత ఫ్రేములు తెచ్చి, టాక్సీ సీట్లకు పోగా మిగిలిన రెక్సిన్ ముక్కలు అతికి, ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ, చేతికొచ్చిన రంగల్లా వేసింది. ముందుగదికీ పడకగదికీ మధ్య గోడ కొట్టించేసి రెంటినీ ఒకే గది చేసింది. మంచం వంటింట్లోకి మారింది. ఎవరైనా అడిగితే, "నిద్ర ఎక్కడైనా వస్తుంది, బేస్ రాదు" అనేది.

ఆ ఆదివారానికి ముందు గురువారం నుంచి శనివారం దాకా సెలవు పెట్టి స్పీకర్లను కుదర్చడం మొదలుపెట్టింది.

మొదటి రోజు పొద్దున రికార్డు పెట్టగానే ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. శాక్సఫోన్ ఎక్కడుందో తెలియడం లేదు. గది అంతటా ఉంది, ఎక్కడా లేదు. గంటసేపు తల పట్టుకుని, చివరకు వెనక్కి వెళ్ళి చూస్తే ఎడమ స్పీకరు తీగలు తారుమారయ్యాయి, ఎర్రదాంట్లో నల్లది, నల్లదాంట్లో ఎర్రది. వెయ్యి టాక్సీలకు తీగలు బిగించిన చెయ్యి సొంత ఇంట్లో తప్పు చేసింది. తనను తాను నోరారా తిట్టుకుని, మార్చి బిగించింది. వెంటనే శాక్సఫోన్ వాయించేవాడు రెండు స్పీకర్ల నడుమ, సరిగ్గా రికార్డు బల్ల మీదుగా వచ్చి నిలబడ్డాడు.

తర్వాత సబ్. గది మూలకు నెట్టి, పాట పెట్టింది. ఆమె ఎంచుకున్న రికార్డు మొదట్లో మనిషెత్తు తీగల బేస్ వాద్యం ఒక్కటే ఉంటుంది, రెండు నిమిషాల పాటు. పైనుంచి కిందికి ఒక్కొక్క స్వరమే దిగుతూ వస్తుంది. మెట్లన్నీ ఒకే ఎత్తున ఉంటేనే దిగడం బాగుంటుంది. మూలలో పెట్టిన సబ్‌తో ఒక మెట్టు మోకాలెత్తున ఉంది, దాని కింది మెట్టు అసలు లేనే లేదు. పైగా గాజు బీరువాలో కప్పులన్నీ కలిసి గలగలలాడాయి. కప్పుల కింద రెక్సిన్ ముక్కలు పరిచింది. కిటికీ రెక్కకు అట్టముక్క కుక్కింది. ఆ తర్వాత సబ్ వెనక నాబ్‌లు పట్టుకుంది. ఏ స్వరం దగ్గర స్పీకర్లు ఆగి సబ్ అందుకోవాలో చెప్పేది ఒకటి, ఎంత గట్టిగా మోగాలో చెప్పేది ఇంకొకటి. మొదటిది ఎక్కువ తిప్పితే, పాడే రికార్డుల్లో మగవాడి గొంతు మూలలోని పెట్టెలోంచి వస్తుంది. తక్కువ తిప్పితే స్పీకర్లకూ సబ్‌కూ మధ్య పెద్ద గొయ్యి.

ఒక కుర్చీ తెచ్చి గది నట్టనడుమ వేసుకుంది. అక్కడ కూర్చుని వినడం, లేచి వెళ్ళి నాబ్ వెంట్రుకవాసి తిప్పడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. నేలమీద బోర్లా పడుకుని చెవి ఆనించి వినడం. మోకాళ్ళు దోక్కుపోయాయి. నడుమ కుర్చీలో బేస్ ఎంతకీ నిండడం లేదని గట్టిదనం నాబ్‌ను పెంచుతూ పోయింది, పెంచుతూ పోయింది.

శనివారం మధ్యాహ్నం సెవేలా వచ్చేసరికి పెలాది నేలమీద పాకుతోంది.

"ఏమే, ఏం పోగొట్టుకున్నావే? చెవి కమ్మలా?"

"బేస్ అక్కా."

"దొరికిందా?"

"ఇందాకే. వచ్చి ఈ కుర్చీలో కూర్చో."

సెవేలా కూర్చుంది. పాతికేళ్ళుగా సంఘానికి వంటచేసిన ఆ పెద్దావిడ కూడా ఎప్పుడూ స్పీకర్ల ఎదురుగా కూర్చుని విన్నది లేదు. రికార్డు మొదలైంది. బేస్ మెట్టు మెట్టుగా దిగింది, ఏ మెట్టూ తప్పలేదు. ఎర్ర పెట్టె మూలలో ఉందన్న సంగతే మర్చిపోయేట్టు, ఆ స్వరం ఎదురుగా, మనిషి చేతివేళ్ళ కిందినుంచి వచ్చినట్టు వచ్చింది. సెవేలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"మా ఇంట్లోవి ఇట్లా మోగవేమే" అంది చివరకు, చిన్నబోయి. ఎర్ర పెట్టె వైపు చూసి, "ఒక మాట చెప్తా, కోప్పడకు. రేపు ఆ ఎర్రదానికి ఒక దుప్పటి కప్పి, పైన పూలకుండీ పెట్టు. మా ఆయన అది చూశాడంటే చెవులకి తాళం వేసేసుకుంటాడు. తెలియకపోతే హాయిగా వింటాడు."

"దాచడానికి అదేమన్నా దొంగసొత్తా అక్కా?"

"కుర్చీ కావాలా వద్దా నీకు?"

"కావాలి. దాచిపెట్టి తెచ్చుకునే కుర్చీ మాత్రం వద్దు. దాంట్లో కూర్చున్న ప్రతిసారీ నాకు దుప్పటే గుర్తొస్తుంది."

సెవేలా నిట్టూర్చి బోటీ కడగడానికి వెళ్ళింది. మొండిది అనుకుంది మనసులో. పైకి అనలేదు, ఎందుకంటే ఆ మొండితనం ఆమెకూ కాస్త నచ్చింది.

ఆదివారం పది గంటలకు గేటు ముందు కార్లు ఆగాయి. పెలాది నీలం పట్టు గౌను వేసుకుని గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ చేయిచ్చి పలకరించింది. వంటలు అప్పటికే దించేశారు, పాట జరిగినంతసేపూ మూత చప్పుడు వినపడడానికి వీల్లేదని ఆమె ముందే చెప్పింది. కుర్చీలన్నీ వాకిట్లో ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. వచ్చిన మగవాళ్ళు ఎవరి కుర్చీ వాళ్ళు ఎత్తుకుని లోపలికి మోసుకెళ్ళారు, అది వాళ్ళ అలవాటు. పెలాది అల్లం బీరు గ్లాసులు సర్ది లోపలికొచ్చి చూసేసరికి ఇరవై ఒక్క కుర్చీలూ గోడల వెంట వరసగా వేసి ఉన్నాయి. గది నడుమంతా ఖాళీ. ఆ ఖాళీ అడుగులేసేవాళ్ళ కోసం.

ఆమెకు ఏదో తేడాగా అనిపించింది, కాని ఏమిటో అప్పటికి తెలియలేదు.

మలేకా కుడివైపు గోడకు సరిగ్గా మధ్యన కూర్చున్నాడు. ఎర్ర పెట్టెను చూశాడు, పెలాదిని చూశాడు, మూతి బిగించాడు. ఆయనకెదురుగా రెండో గోడ దగ్గర సిబన్యోని పెద్దాయన. ఎనభై ఏళ్ళు, సంఘంలో అందరికంటే పాత మనిషి, అందరికంటే గట్టి చెవి. ఆయనకు నచ్చని స్పీకర్లు ఆ తర్వాతి నెలకల్లా అమ్మకానికి వస్తాయని పేరు.

"మొదలుపెట్టు అమ్మాయ్" అన్నాడు మలేకా.

పెలాది ముల్లు పెట్టింది.

మొదటి స్వరానికే ఆమెకు తెలిసిపోయింది. బేస్ మెట్లు దిగడం లేదు. గోడలను పట్టుకుని గుద్దుతోంది. తను రికార్డు బల్ల దగ్గర, గోడవారన నిలబడి ఉంది, వాళ్ళందరూ వింటున్నదే తనూ వింటోంది. ప్రతి స్వరమూ ఉబ్బి, కిందిదాని మీద పడి, రెండూ కలిసి ఒకే మోతగా, అచ్చం టాక్సీలాగా. మూల కుర్చీలో ఉన్నాయన చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఒకరు పక్కవాడి మొహం చూసి కనుబొమ్మలెగరేశారు. రూలు ప్రకారం మలేకా నోరు తెరవకూడదు. కాని ఆయన నవ్వు చెవుల దాకా సాగింది.

అప్పుడు అర్థమైంది పెలాదికి. సంఘం గోడల వెంట కూర్చుంటుంది. ఎప్పుడూ అంతే. ఆ సంగతి సంఘంలో నిన్న చేరినవాడికి కూడా తెలుసు. ఆమెకు తెలియదు. పాతికేళ్ళూ ఆమె ఆ గదులను వంటింటి తలుపు సందులోంచే చూసింది. ఆ సందులోంచి కనిపించేది గది నడుమ ఒక్కటే, అడుగులేసే బూట్లు ఒక్కటే. పళ్ళేలు తెచ్చినప్పుడు తల దించుకుని ఇచ్చి వెళ్ళిందే తప్ప కుర్చీలు ఎక్కడున్నాయని ఎన్నడూ చూడలేదు. గదిలో వినడమంటే నడుమ కూర్చోవడమే అనుకుంది. నడుమ బేస్ సన్నగా ఉంటుంది కాబట్టి పెంచింది. నడుమకు సరిపోయింది, గోడల దగ్గర ముంచేసింది.

కూర్చోనివ్వనివాళ్ళే, కూర్చుని వినడం రాదని ఇప్పుడు తీర్పు చెప్పబోతున్నారు. ఆమెకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో చెప్పలేనంత, అందరి మీదా.

రికార్డు ఇంకా ఇరవై నిమిషాలుంది. ఊరుకుంటే సాంతం మోగుతుంది. శాక్సఫోన్ వచ్చాక ఒకరిద్దరు జాలిపడి లేవచ్చు కూడా.

పెలాది చెయ్యి చాపి ముల్లు ఎత్తేసింది.

గదిలో టోపీలన్నీ ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాయి. సంఘం పుట్టినప్పటినుంచి పరీక్ష రికార్డు మీద ముల్లు ఎత్తినవాడు లేడు. మలేకా చెయ్యి దానంతటదే జేబులోకి పోయి పుస్తకం తీసింది.

"అయిపోయింది. ముల్లు ఎత్తావు. కుర్చీ పోయింది."

"పోనీండి."

"మళ్ళీ అడగడానికి లేదు."

"తెలుసు బాబాయ్, చెప్పారుగా. మోత బాగాలేదు. మీకు ఎంత తెలుసో నాకూ అంతే తెలుసు. తప్పు నాదే. కాని బాగాలేదని తెలిశాక నా ఇంట్లో దాన్ని ఇంకో నిమిషం కూడా మోగనివ్వను. కుర్చీ కోసం అసలే మోగనివ్వను."

"మరైతే మేం బయల్దేరతాం." ఒకాయన టోపీ అందుకున్నాడు.

"కూర్చో" అన్నాడు సిబన్యోని పెద్దాయన.

"పరీక్ష అయిపోయింది కదా మావయ్యా."

"బోటీ కూర తినలేదు కదా నువ్వు. కూర్చో."

పెలాది అవేవీ వినిపించుకోలేదు. సబ్ వెనకకు వెళ్ళి గట్టిదనం నాబ్‌ను సగానికి తగ్గించింది. ముల్లు మళ్ళీ మొదట పెట్టి, నీలం పట్టు గౌను మోకాళ్ళ పైకి లాగి, నేలమీద వంగింది. అందరూ చూస్తుండగా గోడ వెంట, కుర్చీ కుర్చీ దగ్గరా ఆగి, కూర్చున్నవాడి మోకాలి పక్కన చెవి పెట్టి వింటూ పాక్కుంటూ పోయింది. ఒకడు నవ్వాడు.

"నవ్వితే నవ్వు, నోరు మూసుకుని నవ్వు. నాకు వినపడాలి."

వాడు నిజంగానే నోరు మూసుకున్నాడు. మిగిలినవాళ్ళు కాళ్ళు పక్కకు తీసి దారిచ్చారు. సిబన్యోని పెద్దాయన రెండు బూట్లూ గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడు, ఆమె దాటేదాకా.

మూల కుర్చీల దగ్గర ఇంకా ఉబ్బుతోంది. మూలలో ఉన్నంతకాలం అది అంతే. సబ్ మూలలోంచి రావాలి. ఆమె పాట ఆపకుండానే ఎర్ర పెట్టెను రెండు చేతులతో పట్టి నేలమీద ఈడ్చుకుంటూ కుడిగోడ కుర్చీల ముందుగా జరిపింది. తీగ బారుగా ఉంది, పేచీ లేదు. జరిపే కొద్దీ మెట్లు విడివిడిగా పడసాగాయి. ఒక్కొక్కటే సరైన ఎత్తుకు వచ్చింది. గోడకు సరిగ్గా నడుమకు చేరుకునేసరికి ఎదురుగా మలేకా కాళ్ళు వచ్చాయి.

"బాబాయ్, కాస్త లేవండి. పెట్టె ఇక్కడికి రావాలి."

"నేను లేవను."

"ఒక్క నిమిషం."

"లేస్తే మోత నచ్చి లేచానంటారు. నీ తెలివి నాకు తెలియదా? లేవను గాక లేవను."

రికార్డు తన దారిన మోగుతూనే ఉంది. పెలాది మోకాళ్ళ మీద నుంచి లేచి, గౌను దులుపుకుంది.

"మీరు లేవనక్కర్లేదు. నాకు కుర్చీ ఇవ్వనన్నారు, మంచిది. మీరు కూర్చున్నది నా కుర్చీ. దీనికి రెక్సిన్ వేసింది నేను, మేకు కొట్టింది నేను. నా కుర్చీ నేను జరుపుకుంటా." వంటింటి వైపు తిరిగి కేకేసింది. "సెవేలక్కా! ఒక చెయ్యి వెయ్యి!"

గుమ్మంలో ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సెవేలా తడి చేతులు ఆప్రాన్‌కు తుడుచుకుంది. పాతికేళ్ళలో మొదటిసారి, సంఘం కూర్చున్న గదిలోకి చేతిలో పళ్ళెం లేకుండా వచ్చింది.

"సెవేలా! వద్దు" అన్నాడు మలేకా.

"నువ్వు కూర్చోవయ్యా. నిన్నెవరు లేవమన్నారు?"

పెలాది ఒకవైపు, సెవేలా ఒకవైపు పట్టి ఒక్క ఊపున ఎత్తారు. అధ్యక్షుడు రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకుని, రూల్సు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, నేలకు జానెడు పైన ఊరేగి, మూడడుగుల అవతల దిగాడు. లేవలేదు. ఆ మాట మీద మాత్రం నిలబడ్డాడు, పాపం, కూర్చునే. ఎవరూ నవ్వకూడదని ఎంత ఓర్చుకున్నా, సిబన్యోని పెద్దాయన ముందు పగలబడ్డాడు, తర్వాత గదంతా.

ఆ నవ్వు సర్దుకునేలోపు పెలాది ఎర్ర పెట్టెను గోడ నడుమ నిలిపింది. వెళ్ళి నాబ్‌ను వెంట్రుకవాసి పెంచింది. ముల్లు ఎత్తి, మూడోసారి మొదట పెట్టింది.

ఈసారి ఎవరూ కదలలేదు. బేస్ పైనుంచి దిగింది. మూల కుర్చీలో ఉన్నాయనకూ, నడిగోడ కుర్చీలో ఉన్నాయనకూ, గుమ్మంలో నిలబడ్డవాళ్ళకూ ఒకటే దిగింది. వేలు తీగను లాగి వదిలినప్పటి చిన్న గరగర కూడా తెలిసింది, ఆ వెంటనే చెక్క లోపలి నుంచి వచ్చే ఆ గంభీరం. అది చెవికంటే ముందు కడుపుకు తగిలింది. పెట్టె ఎదురుగానే ఉంది, ఎర్రగా, అందరూ చూస్తూనే ఉన్నారు. కాని మోత అందులోంచి వస్తోందని ఎవరికీ అనిపించలేదు. శాక్సఫోన్ వచ్చింది. డ్రమ్ముల మీద తీగల కుంచె మెత్తగా తిరిగింది.

బూట్లు మాత్రం కదిలాయి, కుర్చీల కింద. ఒక మడమ, ఒక బొటనవేలు. లేవడానికి మాత్రం ఎవరికీ ధైర్యం లేదు. కుర్చీ పోయిందని అధ్యక్షుడు చెప్పేశాడు. పోయినదానికి లేస్తే ఏమవుతుందో పుస్తకంలో లేదు.

సెవేలాకు ఆ పుస్తకంతో పనేముంది? ఆమె లేచినా కూర్చున్నా ఎవరి లెక్కలోనూ పడదు. గది నడుమకు నడిచింది. ఆప్రాన్ విప్పలేదు. కళ్ళు మూసుకుని ఒక అడుగు వేసింది, ఆగింది, బేస్ వచ్చాక రెండోది వేసింది. పాతికేళ్ళుగా సందులోంచి చూసి చూసి నేర్చుకున్న అడుగులవి. మగవాళ్ళు నోరు వెళ్ళబెట్టారు. వాళ్ళలో సగంమందికి అంత బాగా రావు.

సిబన్యోని పెద్దాయన కర్ర పక్కన పెట్టి లేచాడు.

"మావయ్యా, ఇది లెక్కలోకి రాదు" అన్నాడు మలేకా.

"లెక్కపెట్టకు. నేను నీ లెక్క కోసం లేవలేదు. కూర్చోలేక లేచాను."

అంతే. ఇద్దరు, నలుగురు, ఏడుగురు. టోపీలు వెనక్కి తోసుకుంటూ, కోటు గుండీలు విప్పుకుంటూ. వంటింటి నుంచి ఆడవాళ్ళు వచ్చారు. గేటు దగ్గర మూగినవాళ్ళు వాకిట్లోకి వచ్చి కిటికీ పట్టుకున్నారు. పదకొండు ఎప్పుడు దాటిందో ఎవరూ చూసుకోలేదు. రికార్డు చివరికి వచ్చేసరికి గోడల వెంట కుర్చీలన్నీ ఖాళీ. ఒక్కటి తప్ప.

ముల్లు చివరి గాడిలో పడి గరగరమంది. పెలాది ఎత్తింది. అందరూ ఊపిరి తీసుకుంటూ నిలబడి ఉన్నారు. మలేకా పుస్తకం ఒళ్ళో పట్టుకుని నేల వంక చూస్తున్నాడు. ఆయన కుడి బూటు మడమ ఇంకా పాటలోనే ఉంది, రికార్డు ఆగిన సంగతి దానికి తెలియనట్టుంది.

"ఇంకోసారి పెట్టు" అన్నాడు తల ఎత్తకుండా.

"ఏంటి బాబాయ్? వినపడలేదు."

"ఆ మొదటి ముక్క. బేస్ ఒక్కటే ఉంటుందే, అది. ఇంకోసారి పెట్టు అమ్మాయ్."

పెలాది చేతులు కట్టుకుంది. ఆమె మోకాళ్ళు మండుతున్నాయి, గౌను దుమ్ము కొట్టుకుపోయింది. 

"నా పేరు పెలాది. నా ఇంట్లో నా రికార్డు కావాలంటే లేచి నిలబడి అడగండి."

 గది మొత్తం ఆయన్నే చూస్తోంది. మలేకా పుస్తకాన్ని చూశాడు, ఎర్ర పెట్టెను చూశాడు, భార్యను చూశాడు. కోర్టులో ముప్పై ఏళ్ళు ఒకరి మాట ఇంకొకరికి చెప్పి బతికిన మనిషి. సొంత మాట ఒకటి నోట్లోంచి రావడానికి చాలాసేపు పట్టింది.

పుస్తకం జేబులో పెట్టుకుని, మోకాళ్ళ మీద చేతులూని, లేచాడు.

"ఇంకోసారి పెట్టు, పెలాదీ."

"ఇరవై ఒకటి" అని గట్టిగా లెక్కపెట్టాడు సిబన్యోని పెద్దాయన.

పెలాది ముల్లు పెట్టింది. బేస్ మొదటి మెట్టు దిగేలోపు వెళ్ళి, ఆయన ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుంది.